ఒక్క గడియ మెలకువ

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అందరికీ వందనాలు. బైబిళ్లు తెరవండి. మొదటి కొరింథీయులకు 10వ అధ్యాయం, 13వ వచనం. దొరికినవాళ్లు పక్కవాళ్లకి కూడా తీసి ఇవ్వండి.

“సాధారణముగా మనుష్యులకు కలుగు శోధన తప్ప మరి ఏదియు మీకు సంభవింపలేదు. దేవుడు నమ్మదగినవాడు, మీరు సహింపగలిగినంతకంటె ఎక్కువగా ఆయన మిమ్మును శోధింపబడనియ్యడు. అంతేకాదు, సహింపగలుగుటకు ఆయన శోధనతోకూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును.”

కంఠతా వచ్చిన వచనమే. క్యాలెండర్ల మీద చూస్తాం, సాక్ష్యాల్లో చెప్పుకుంటాం. ఇందులో ‘శోధనతోకూడ’ అనే మాట దగ్గర కాసేపు ఆగండి. శోధన వచ్చి, మనం నలిగిపోయాక ఎప్పుడో తలుపు తీస్తానని దేవుడు చెప్పలేదు. అది వచ్చేటప్పుడే బయటికి దారి కూడా పెడతానన్నాడు. మరి ఆదివారం ప్రభువు బల్లలో పాలుపొందిన మనమే సోమవారం సాయంత్రానికి అదే కోపంలో, అదే ఫోనులో, అదే సీసాలో ఎందుకు పడుతున్నాం? దారి మొదట్లోనే ఉంటుంది. మనం పీకల దాకా మునిగాక వెతుకుతాం.

ప్రభువు పట్టుబడిన రాత్రి, గెత్సేమనే తోటలో ఆయన తన శిష్యుడు సీమోను పేతురును అడిగిన ప్రశ్న మార్కు 14:37లో ఉంది. “సీమోనూ, నీవు నిద్రించుచున్నావా? ఒక్క గడియయైనను మేల్కొనియుండలేవా?” ఆ వెంటనే శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థన చేయమన్నాడు. ప్రధానయాజకుని ఇంటి పెరట్లో ‘నువ్వూ యేసుతో ఉన్నవాడివే’ అని ఆ పనిపిల్ల పేతురును ఇంకా పలకరించలేదు. కోడి కూయడానికి ఇంకా చాలా టైముంది. అయినా పేతురు ఓటమి అక్కడే, ఆ ఒలీవ చెట్ల కింద మొదలైపోయింది. ప్రభువు మూడుసార్లు ప్రార్థించి వచ్చాడు, మూడుసార్లూ శిష్యులు నిద్రలోనే కనబడ్డారు. తర్వాత ఆయనెవరో నాకు తెలియదని పేతురు బొంకింది కూడా మూడుసార్లే. విశ్వాసికి జయమా అపజయమా అన్నది చాలావరకు శోధనకు ముందున్న ఆ గంటలోనే తేలిపోతుంది. ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది ఇదే.

మన పాత లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు. తెలుగు బైబిల్లో ఆ మాటను గంట అన్న అర్థంలో వాడారు. గంట కుదరని వాళ్లు ఆ పాత గడియతోనైనా మొదలుపెట్టండి, తప్పు లేదు.

ఇప్పుడు యాకోబు పత్రిక 1వ అధ్యాయం, 14, 15 వచనాలు. “ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును. దురాశ గర్భము ధరించి పాపమును కనగా, పాపము పరిపక్వమై మరణమును కనును.” వరస చూడండి. ముందు ఈడ్వబడడం, తర్వాత మరులు కొల్పబడడం, అంటే మోజులో పడడం, తర్వాత గర్భం, తర్వాత కాన్పు, చివరికి మరణం. గర్భానికీ కాన్పుకీ మధ్య నెలలు ఉంటాయని ఇంట్లో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పాపం హఠాత్తుగా మీద పడిందని మనం అంటాం. “తెలియకుండానే జరిగిపోయింది పాస్టర్ గారూ” అంటాం. ఏదీ ఊరికే జరిగిపోదు. లోపల మోసి మోసి కన్నదే.

దావీదు రాజు సంగతి చూడండి, రెండవ సమూయేలు 11. రాజులు యుద్ధానికి బయలుదేరే వసంతకాలం. సైన్యమంతా రబ్బా పట్టణాన్ని ముట్టడిస్తోంది. దావీదు యెరూషలేములో ఉండిపోయాడు. ఇది మొదటి మెట్టు, దీంట్లో పాపం ఏమీ కనబడదు. ప్రొద్దు గ్రుంకే వేళ పడక మీద నుంచి లేచాడు. అది రెండో మెట్టు. పగలంతా పనిలేని మనిషికి సాయంత్రం కళ్లు ఖాళీగా ఉంటాయి. మిద్దె మీద పచార్లు చేశాడు. స్నానం చేసే స్త్రీ కనబడింది. కనబడడం అతని తప్పు కాదు, చూపు తిప్పుకోకపోవడం తప్పు. ఇక్కడ కూడా దిగిపోవచ్చు, మెట్లు అక్కడే ఉన్నాయి. దిగలేదు. ఆమె ఎవరో కనుక్కురమ్మని మనిషిని పంపాడు.

ఆ వెళ్లినవాడు తెచ్చిన జవాబు వినండి. ఆమె ఏలీయాము కూతురు, హిత్తీయుడైన ఊరియా భార్య. ఊరియా ఎవరు? 23వ అధ్యాయంలో దావీదు పరాక్రమశాలుల పట్టీ ఉంది, మొత్తం 37 మంది. ఆ పట్టీలో ఆఖరి పేరు ఊరియాదే. తన కోసం ప్రాణం పెట్టి పోరాడే మనిషి భార్య అని, ఆ పనివాడి నోటితోనే దేవుడు రాజు ముఖం మీద చెప్పించాడు. ‘భార్య’ అన్న ఆ ఒక్క మాటే తప్పించుకొను మార్గం. బార్లా తెరిచిన తలుపు. దావీదు దాన్ని విన్నాడు, విని కూడా మళ్లీ మనుషుల్ని పంపాడు. ఆ తర్వాత ఒకదాన్ని కప్పడానికి ఇంకొకటి, ఊరియాకు మద్యం తాగించడం, అతని చేతికే అతని చావు ఉత్తరం ఇచ్చి పంపడం. మిద్దె దిగడం ఎంత తేలిక, ఆ ఉత్తరం రాసే చోటి నుంచి వెనక్కి రావడం ఎంత కష్టం! ఆలస్యమయ్యేకొద్దీ తలుపు ఇరుకవుతుంది. అందుకే దావీదు మొదటి మెట్టు మీదే పడ్డాడని నేనంటాను. యుద్ధానికి వెళ్లి ఉంటే ఆ మిద్దె లేదు, ఆ సాయంత్రం లేదు.

మీ మిద్దె ఏదో మీరు కనిపెట్టాలి. ఇది ఇంకొకరు చెప్పగలిగింది కాదు. ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి, పది రూపాయలది చాలు. ఏడు రోజులు, రాత్రి పడుకునే ముందు నాలుగు సంగతులు రాయండి. ఈ రోజు ఎక్కడ ఓడిపోయాను లేదా ఎక్కడ ఓడిపోబోయాను. అప్పుడు టైమెంత. దానికి ముందు గంటలో ఏం జరిగింది. అప్పటికి తిన్నానా, సరిగ్గా నిద్రపోయానా. అంతే. పేజీలకు పేజీలు రాయకండి, మూడో రోజుకే విసుగొచ్చి మానేస్తారు. నాలుగు లైన్లు చాలు. మామూలు తప్పు ఏమిటంటే పాపం పేరు మాత్రం రాసి టైము వదిలేస్తాం. ‘కోపం’ అని రాస్తే ఏమీ తెలియదు. ‘రాత్రి 8.10, డ్యూటీ నుంచి వచ్చి అన్నం తినకముందు, ఫీజు కట్టాలని పిల్లాడు అడిగితే’ అని రాస్తే దారి కనబడుతుంది. వారం తర్వాత చూసుకుంటే చాలామందికి ఒకటో రెండో గంటలే పదే పదే వస్తాయి. ఆ గంటకు ముందున్న గంటే మీరు కావలి కాయాల్సిన చోటు.

తిన్నానా, పడుకున్నానా అన్నవి ఆత్మీయ ప్రశ్నలేనా అంటారేమో. మొదటి రాజులు 19 చదవండి. కర్మెలు కొండ మీద అగ్ని దింపిన ఏలీయా ప్రవక్త, చంపుతానని యెజెబెలు రాణి ఒక కబురు పంపితే పారిపోయాడు. బెయేర్షెబాలో తన పనివాణ్ని వదిలేసి ఒంటరిగా అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణం పోయాడు. బదరీ చెట్టు కింద కూర్చుని, చాలు, నా ప్రాణం తీసుకోమన్నాడు. దేవుడు అప్పుడే ప్రసంగం చేశాడా? అల్పవిశ్వాసీ అని గద్దించాడా? నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి, లేచి భోజనం చేయమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక సీసాలో నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ తట్టి లేపి మళ్లీ పెట్టాడు, ఈ ప్రయాణం నీ శక్తికి మించిందని చెప్పాడు. రెండు నిద్రలు, రెండు భోజనాలు అయ్యాకే హోరేబు కొండ, అక్కడ దేవుని మిక్కిలి నిమ్మళమైన స్వరం. ఒంటరితనం, ఆకలి, నిద్రలేమి మూడూ కలిసిన చోట ప్రవక్త కూడా చావు కోరుకున్నాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చి నాలుగు గంటలే పడుకుని, పొద్దున ప్రార్థనలో మనసు నిలవడం లేదని తనను తాను శపించుకునే బిడ్డ ముందు కడుపునిండా తిని పడుకోవాలి. అది కూడా విధేయతే.

ఈ నిరుత్సాహం రెండు వారాలు దాటినా వదలకపోతే, బతకాలని లేదనిపిస్తుంటే, ప్రార్థన మానకుండానే డాక్టరు దగ్గరికి వెళ్లండి. లూకా వైద్యుడు. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు అతన్ని ‘ప్రియుడైన వైద్యుడు’ అన్నాడు. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. చావు ఆలోచన చెప్పుకున్న మనిషిని విశ్వాసం లేనివాడని తేల్చేసేవాళ్లు ఏలీయా దేవుణ్ని ఎరగనివాళ్లు.

ఇక ఎఫెసీయులకు 6వ అధ్యాయం. సర్వాంగకవచం, అంటే సాతానును ఎదిరించడానికి విశ్వాసి తొడుక్కోవాలని పౌలు చెప్పిన ఆత్మీయ కవచం. దాని మీద ఎన్నో ప్రసంగాలు విన్నారు, అన్ని భాగాలూ ఇప్పుడు చెప్పను. 13వ వచనంలో ‘ఆపద్దినమందు’ అన్న మాట చూడండి. ఎదిరించడం ఆపద్దినాన, తొడుక్కోవడం అంతకు ముందు. బాణాలు పడుతుండగా చెప్పుల వారు కట్టుకునే సైనికుడు ఉండడు. ఇంకోటి, విశ్వాసమనే డాలు. పౌలు వాడిన గ్రీకు మాట ‘తలుపు’ అనే మాట నుంచి వచ్చింది. గుండ్రటి చిన్న డాలు కాదది. రోమా సైనికుడు పట్టుకునే, సుమారు నాలుగడుగుల ఎత్తు, చెక్క మీద తోలు కప్పిన పెద్ద డాలు. దాని గొప్ప ఉపయోగం పక్కవాడి డాలుతో ఆనించి నిలబడినప్పుడు తెలుస్తుంది. ఒక్కడే ఉంటే ప్రక్కలు ఖాళీ. దీని సంగతి మళ్లీ వస్తాను.

కవచంలో ఖడ్గం ఒక్కటే, దేవుని వాక్యం. దాన్ని ప్రభువు అరణ్యంలో ఎలా వాడాడో మత్తయి 4లో ఉంది. నలభై దినాల ఉపవాసం తర్వాత ఆకలిగొన్న వేళ సాతాను వచ్చాడు. మూడుసార్లూ ప్రభువు ‘వ్రాయబడియున్నది’ అన్నాడు. ఆ మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవే. 8:3, 6:16, 6:13. మూడు అధ్యాయాల లోపలే! ఇశ్రాయేలు నలభై ఏళ్లు అరణ్యంలో ఎక్కడ తప్పిందో ఆ అధ్యాయాలు గుర్తుచేస్తాయి. ఆకలి, దేవుణ్ని పరీక్షించడం, ఆయన్నే సేవించడం. అంటే ఏ పోరాటానికి ఏ వాక్యమో ప్రభువుకు ముందే సిద్ధంగా ఉంది.

ఇక్కడ మన సంఘాల్లో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక వాగ్దాన వచనం రాసి ఉన్న కార్డు తీసుకుంటాం. మంచిదే, ఏడాదంతా బీరువాకి అంటించుకుంటాం. కానీ శోధన వేళ మనకు గుర్తొచ్చేది ఆ ఒక్కటే అయితే ప్రమాదం. ఎందుకంటే ఆ అరణ్యంలో వాగ్దాన వచనం ఎత్తింది సాతాను. 91వ కీర్తన, నిన్ను కాపాడమని తన దూతలకు ఆజ్ఞాపించును అన్న వాగ్దానం. అందులో ‘నీ మార్గములన్నిటిలో’ అన్న మాటలు వదిలేసి చెప్పాడు, మీరే పక్కపక్కన పెట్టి చూడండి. ప్రభువు నోట వచ్చినవేమో తండ్రికి లోబడే వచనాలు. నాకేమి ఇస్తావు అనే వచనాలు ఎన్ని వచ్చు, నేనేమి చేయాలి అనే వచనాలు ఎన్ని వచ్చు? ఈ లెక్క ఇంటికెళ్లి చూసుకోండి.

చేయవలసింది చెబుతాను. మీ నోటు పుస్తకంలో బయటపడిన పోరాటానికి సరిపోయే వచనం ఒక్కటి ఎంచుకోండి. కోపమైతే సామెతలు 15:1, “మృదువైన మాట క్రోధమును చల్లార్చును.” నోరు అదుపులో లేకపోతే కీర్తన 141:3, “యెహోవా, నా నోటికి కావలియుంచుము.” కళ్లతో పోరాటమైతే యోబు 31:1. రేపటి చింత అయితే మత్తయి 6:34. చేత్తో ఒక కాగితం మీద రాయండి. ఫోనులో ఫోటో తీసి దాచుకుంటే లాభం లేదు, దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. పొద్దున ఐదుసార్లు, మధ్యాహ్నం ఐదుసార్లు, రాత్రి ఐదుసార్లు చెవికి వినబడేలా పైకి చదవండి. మూడో రోజు కాగితం మూసి రాసి చూడండి, ఎక్కడ తప్పుతుందో అక్కడ గీత పెట్టండి. వారానికి ఒక్క వచనమే. ఉత్సాహంలో పది మొదలుపెట్టినవాళ్లకి నెలాఖరుకు ఒక్కటీ మిగలదు. వారానికి ఒకటైతే ఏడాదికి 52. అసలైన పని ఏమిటంటే మీ బలహీన గంటకు ముందు గంటలో దాన్ని ఒకసారి ప్రార్థనగా మార్చి చెప్పడం. బస్సులో వస్తూ, బండి స్టాండు వేస్తూ, “ప్రభువా, ఇంట్లో అడుగు పెడుతున్నాను, నా నోటికి కావలి ఉంచు.” ఇంతే. పది సెకన్లు.

ఇంట్లో కోపం గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. ఎక్కువమంది విశ్వాసులు ఓడిపోయేది సంతలోనో ఆఫీసులోనో కాదు, వంటింటి గుమ్మం దగ్గరే. ఎఫెసీయులకు 4:26, “సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు.” కోపం రావచ్చు, దానికి గడువు మాత్రం ఆ రోజే. ఇంటికి వచ్చిన మొదటి పది నిమిషాలు డబ్బు మాట, పిల్లల మార్కుల మాట ఎత్తకండి. కాళ్లు కడుక్కోండి, మంచినీళ్లు తాగండి, ఫోను పక్కన పెట్టండి. గొంతు లేచిందని తెలియగానే, “ఇప్పుడొద్దు, అన్నాలు తిన్నాక తొమ్మిదింటికి మాట్లాడుకుందాం” అనండి. టైము చెప్పండి. ‘తర్వాత చూద్దాం’ అంటే ఆ తర్వాత ఎన్నటికీ రాదు, సూర్యుడు అస్తమిస్తాడు, కోపం లోపల పులుస్తుంది. అపవాదికి చోటియ్యకుడి అని తర్వాతి వచనమే ఉంది. వాడికి మనం అద్దె లేకుండా ఇచ్చే గది అదే.

క్షమాపణ అడిగేటప్పుడు చేసిన పనికి పేరు పెట్టండి. “నిన్ను మీ అమ్మగారి ముందు అలా అనడం తప్పు, నన్ను క్షమించు.” అక్కడ ఆపేయండి. ‘కానీ నువ్వు కూడా...’ అన్నారా, అది క్షమాపణ కాదు, రెండో రౌండు. ఇంకొక మాట, భర్తలూ భార్యలూ ఇద్దరూ వినండి. కుటుంబ ప్రార్థనలో “ప్రభువా, ఈ మనిషికి బుద్ధి దయచేయుము” అని గట్టిగా ప్రార్థించకండి. అది దేవుడికి చెప్పడం కాదు, దేవుణ్ని అడ్డం పెట్టుకుని ఎదుటివాళ్లను తిట్టడం. పిల్లలు కళ్లు మూసుకునే అన్నీ గమనిస్తారు, ప్రార్థన అంటేనే భయపడతారు. కుటుంబ ప్రార్థన పదిహేను నిమిషాలు చాలు. ఒక పాట, ఒక చిన్న భాగం, ఒక్కొక్కరూ ఒక్కొక్క వాక్యం ప్రార్థన, చిన్నపిల్లలతో సహా. ముప్పావు గంట చేస్తే పిల్లలు నిద్రపోతారు, పెద్దవాళ్లు విసుక్కుంటారు, వారం తిరిగేసరికి ఆగిపోతుంది.

అయితే సహనం అంటే దెబ్బలు తింటూ పడి ఉండడం అని ఎవరైనా మీకు చెప్పి ఉంటే అది వాక్యం కాదు. సౌలు రాజు తనను చంపాలని ఈటె విసిరినప్పుడు దావీదు అక్కడే కూర్చుని ప్రార్థించలేదు, తప్పించుకున్నాడు. మొదటి సమూయేలు 18లో రెండుసార్లు, 19లో మళ్లీ. దేవుని అభిషిక్తుడైన ఆ రాజు మీద చేయి వేయలేదు, అతని ఈటెకు ఎదురుగా నిలబడనూ లేదు. కొట్టే ఇంట్లో ఉన్న సహోదరి పుట్టింటికో, నమ్మకమైన విశ్వాసి ఇంటికో వెళ్లడం అవిశ్వాసం కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయడం కూడా కాదు.

తాగుడు మానాలని తీర్మానం చేసుకున్నవాళ్లకి, వాళ్ల ఇంటివాళ్లకి ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన శరీరం ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, కొందరికి ఫిట్సు, మతి తప్పి మాట్లాడడం వస్తాయి. అది దయ్యం కాదు. గదిలో పెట్టి తలుపేసి ప్రార్థన చేస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, తాగుడు, మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోను చేసి అడగండి. మంచం పక్కన కూర్చుని ప్రార్థించండి. మానాక కూడా ఖాళీని వదలకండి. మత్తయి 12లో ప్రభువు చెప్పిన ఇల్లు గుర్తుందా, ఊడ్చి అమర్చి ఖాళీగా ఉంచితే పోయిన అపవిత్రాత్మ ఇంకో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చింది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఆ మనిషి ఎక్కడ ఉంటాడు, ఎవరితో ఉంటాడు అన్నది సంఘం ఆలోచించాలి. ఆ మూడు గంటలు అతన్ని ఒక్కణ్నే వదిలేసి ఆదివారం సాక్ష్యం చెప్పమనడం అన్యాయం.

అప్పుల సంగతి. చాలా ఇళ్లలో ప్రార్థన ఎక్కువగా జరిగేది దీని కోసమే, సాతాను ఎక్కువగా సిగ్గుపరిచేది కూడా దీనితోనే. రెండవ రాజులు 4లో ఒక విధవరాలు ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చింది. ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు, భక్తిపరుడు, అయినా అప్పుతో చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. కాబట్టి అప్పున్న ప్రతివాడూ భక్తిలేనివాడని తీర్పు తీర్చకండి. ఆమె మొదటి పని, దాచకుండా చెప్పడం. నీకేం చేయాలంటూనే ఎలీషా అడిగిన ప్రశ్న, నీ ఇంట్లో ఏమున్నది? అద్భుతానికి ముందు లెక్క అడిగాడు! ఆమె పొరుగువాళ్ల దగ్గర అరువు తెచ్చింది ఉత్త పాత్రలు, డబ్బు కాదు. నూనె నిండాక వరస ఏమిటి? అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రతకండి. ముందు అప్పు, తర్వాత బతుకు. మనం తిరగేస్తాం. డబ్బు చేతికి రాగానే ముందు ఫంక్షను, తర్వాత మిగిలితే అప్పు.

మీరూ ఒక కాగితం తీసుకోండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి. భార్యాభర్తలిద్దరూ కలిసి రాయండి. ఒకరికి తెలియని అప్పు ఇంకొకరి పేరు మీద ఉన్నంతవరకు ప్రార్థనలో ఏకమనస్సు ఉండదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చారనుకోండి. నెలకు 1,500, ఏడాదికి 18,000. అసలు ముట్టకుండా వడ్డీయే కడుతూ పోతే 34 నెలల్లో కట్టింది 51,000, అసలు యాభై వేలు అలాగే కూర్చుని ఉంటుంది. అంటే ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చాలి. దాన్ని తీర్చడానికి ఫోనులో యాప్ అప్పు తీసుకోవద్దు, అది ఒక గోతిలోంచి పైకి రావడానికి పక్కనే ఇంకో గొయ్యి తవ్వడం. యాప్ వాళ్లు ఫోటోలు మార్చి బెదిరిస్తుంటే సిగ్గుపడి దాక్కోకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. క్రిస్మస్‌కి కొత్త బట్టలు అప్పు చేసి కొనకండి. పశువుల తొట్టిలో పొత్తిగుడ్డల్లో పండుకున్న ప్రభువు పండుగ అది.

డాలు సంగతి చెబుతానన్నాను. మన డాలు పక్కన ఆనించి నిలబడే రెండో డాలు ఇంకో విశ్వాసి. యాకోబు 5:16 మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అంటుంది. సంఘమంతటి ముందు కాదు. ఒక్కరు చాలు. మగవాళ్లయితే మగవాళ్లే, స్త్రీలయితే స్త్రీలే. మీకంటే విశ్వాసంలో కొంచెం ముందున్నవాళ్లు, ఇతరుల గుట్టు మీ దగ్గర ఎన్నడూ విప్పనివాళ్లు. ఇది గట్టి పరీక్ష. వేరేవాళ్ల సంగతి “ప్రార్థన చేయండి అక్కా” అంటూ మీకు చెప్పిన మనిషి, మీ సంగతి కూడా అలాగే ప్రార్థన మనవిగా ఇంకొకరికి చెబుతుంది. వారానికోసారి పావుగంట కలవండి, రెండే ప్రశ్నలు. ఈ వారం నీ గంట ఎలా గడిచింది? ముందు గంటలో ఏం చేశావు? సలహాల వర్షం కురిపించకండి. విని, ప్రార్థించి, లేవండి.

ఇన్ని చేసినా పడిపోయిన రోజు ఉంటుంది. ఆ రోజు కోసం యోహాను సువార్త తీయండి. 18:18లో చలి వేస్తోందని దాసులూ బంట్రౌతులూ బొగ్గుల మంట వేసుకున్నారు, పేతురు వాళ్లతో నిలబడి కాచుకున్నాడు. అక్కడే బొంకాడు. బొగ్గుల మంటకు యోహాను వాడిన గ్రీకు మాట కొత్త నిబంధనలో రెండే చోట్ల ఉంది. ఒకటి ఇక్కడ. రెండోది 21:9లో, తిబెరియ సముద్రం ఒడ్డున. రాత్రంతా వేటాడి ఏమీ పడని పేతురు, ప్రభువని వినగానే పైబట్ట బిగించుకుని నీళ్లలోకి దూకి, తడిసి ఒడ్డుకు వచ్చాడు. ఎదురుగా మళ్లీ అవే నిప్పులు, అదే బొగ్గుల వాసన. ఈ మంట వేసింది మాత్రం ప్రభువు. దాని మీద చేపలు, పక్కన రొట్టె. వలలో 153 పెద్ద చేపలు పడ్డాయి, అయినా పేతురు తేకముందే అక్కడ వంట సిద్ధంగా ఉంది.

అప్పుడు ఆయన ఎందుకు బొంకావని అడగలేదు. “రండి భోజనము చేయుడి” అన్నాడు. వాళ్లు తినేదాకా ఆగాడు. ఆ తర్వాతే, ఆ మంట దగ్గరే, మూడుసార్లు బొంకినవాణ్ని మూడుసార్లు అడిగాడు, “నన్ను ప్రేమించుచున్నావా?” మూడుసార్లూ తన గొర్రెలను అతని చేతికి అప్పగించాడు.

తలలు వంచండి. నిన్న రాత్రి పడినవాళ్లు, ఈ మధ్యాహ్నం పడినవాళ్లు ముందుగా ప్రార్థించండి. మిగతావాళ్లం మీ వెనుక ప్రార్థిస్తాం.